రైలుబండికి ఒక చోటు

కోర్టులో టైపిస్టుగా ఉన్న ఆవిడను అందరూ రైలుబండి అనేవారు. ఎదురుగా మేడమ్ గారు, చాటున రైలుబండి. ఆ సంగతి ఆవిడకు తెలుసు. కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా. సాక్షి నోరు తెరవడం, జడ్జిగారు ఆ మాటను చక్కబెట్టి చెప్పడం, ఆవిడ వేళ్ళు టకటకమని దాన్ని పట్టేయడం, అంతా ఒక్క ఊపులో జరిగిపోయేది. గుక్కతిప్పుకోకుండా మాట్లాడే వకీళ్ళను ఎంతమందిని చూసిందో, ఆ వేళ్ళను దాటి పోయినవాడు ఒక్కడూ లేడు.

రిటైరైన రోజున అందరూ నాలుగు మంచిమాటలు చెప్పి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఆ విశ్రాంతే ఆవిడకు పడలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. వంటగదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడేది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేది. ఎవరు మాట్లాడుతున్నా వేళ్ళు వాటంతట అవే కదిలేవి. భర్తకు వీధి చివర మందుల షాపు ఉంది. మధ్యాహ్నం భోజనానికొచ్చి ఆయన షాపు కబుర్లు చెబుతుంటే, ఆ కబుర్లన్నీ ఆవిడ మోకాలి మీద టైపయిపోయేవి. వింటున్నావా, రాసుకుంటున్నావా అని ఆయన అడిగేవాడు.

ఆవిడను కుదురుగా కూర్చోనివ్వనిది పనిలేకపోవడం ఒక్కటే కాదు. చెవుల్లో మిగిలిపోయిన మాటలు. సాక్షులు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి ఊరుకోరు. దొంగతనం కేసులో ఒకాయనను, అంత పొద్దున్నే మెట్ల మీద ఎందుకు కూర్చున్నావని అడిగితే, "మా ఆవిడకీ నాకూ మాటల్లేవండి. లోపలుంటే ఆ నిశ్శబ్దం మీద పడుతుంది" అన్నాడు. అదొద్దు, మెట్ల మీద కూర్చున్నాడని రాయండి చాలు అన్నారు జడ్జిగారు. ప్రమాదం చూసిన ఒక ముసలావిడ, ఆ కుర్రాడు కింద పడ్డాక కూడా చేతిలో గొడుగు వదల్లేదని చెప్పింది. అదీ వద్దన్నారు. వద్దనడంలో తప్పులేదు, కేసుకు వాటితో పనిలేదు. కానీ రాసిన మాటలు కాగితం మీదికెక్కి ఫైళ్ళలో పడుకున్నాయి. రాయనివి మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. ముప్పై ఏళ్ళకు పైగా పోగుపడిన మాటలు. ఇప్పుడు చెవిలో ఈగల్లా ఒకటే రొద.

వాటిని రాసిపారేస్తే పీడా వదులుతుందనుకుంది. పెన్ను పట్టుకుంటే నత్తనడక. మాట అవతలి గట్టుకు చేరినా చెయ్యి ఇవతలి గట్టునే ఉండేది. ఫోన్లో కొట్టి చూసింది. పది వేళ్ళతో పరుగెత్తినదానికి రెండు బొటనవేళ్ళతో రాయమంటే, ఒంటికాలి మీద గెంతమన్నట్టే ఉంది. ఇక లాభం లేదని తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

తమ్ముడిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. విప్పిపెట్టిన పెట్టెల మధ్య, వైర్ల గుట్టల మధ్య మనిషిని వెతుక్కోవాలి. అక్క వచ్చి, రాసుకోవడానికి ఒక యంత్రం చూడరా అంటే, డెస్క్‌టాపా, లాప్‌టాపా అన్నాడు. తేడా ఏమిటంటే మొదలుపెట్టాడు. డెస్క్‌టాపైతే తెర పెద్దది, కళ్ళకు సుఖం, మెడ వంచక్కర్లేదు, కీబోర్డు ఆవిడ వేళ్ళకు అలవాటైనది, ఏదైనా పాడైతే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. కాకపోతే కరెంటు పోతే ఆగిపోతుంది, కదలదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు, కానీ చిన్న తెర మీదికి వంగి వంగి మెడ పట్టేస్తుంది. అంతా చెప్పి, అసలు ప్రశ్న అప్పుడు వేశాడు.

"ఇంతకీ ఎక్కడ కూర్చుని రాస్తావక్కా?"

ఇంట్లో గదులన్నీ కళ్ళముందు తిరిగాయి. పడగ్గదిలో మంచమూ బీరువాలూ. రెండో గదిలో భర్త అక్కగారు, ఆవిడ కుట్టుమిషనూ. ముందుగదిలో సోఫా, టీవీ, ఒక మూల కప్పు దాకా మందుల షాపు ఖాళీ అట్టపెట్టెలు. ఎక్కడైనా రాస్తానులేరా అంది. అయితే లాప్‌టాపే నయమని, దుకాణంలో ఉన్న పాతదొకటి తుడిచి చేతిలో పెట్టాడు. కొన్నాళ్ళు వాడి చూడు, నచ్చితే కొత్తది తెప్పిస్తానన్నాడు.

అలా ఆవిడ లాప్‌టాప్‌తో ఇల్లంతా వలస తిరగడం మొదలైంది. భోజనాల బల్ల మీద పెడితే, వాక్యం సగంలో ఉండగానే కంచాలు వచ్చేవి. మంచం మీద పెడితే భర్త మధ్యాహ్నం కునుకు. వరండాలో ఎండపడి, తెరలో ఆవిడ ముఖం తప్ప అక్షరం కనబడేది కాదు. మెట్ల మీద కూర్చుంటే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆగి, ఏం రాస్తున్నారండీ అని తొంగిచూసేవారు. వదినగారి గదిలోకి వెళితే మిషను చప్పుడుకు తోడు మాటల చప్పుడు. పైగా కనిపించింది కదా అని ఆ లాప్‌టాప్ అందరిదీ అయిపోయింది. వదినగారు కొత్త కుట్టు డిజైన్లు చూసేది. భర్త షాపు లెక్క ఒక్క నిమిషం చూసిస్తానని తీసుకుని నిద్రపోయేవాడు. తెరిచేసరికి ఛార్జింగ్ ఉండేది కాదు.

ఇక ఒకరోజు విసుగెత్తి దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఎక్కడికని అనుకోలేదు. కాళ్ళు అలవాటు కొద్దీ కోర్టు దగ్గర దింపాయి.

గేటు పక్కన చెట్టునీడలో సిమెంటు బల్ల ఉంది. అక్కడ కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ప్రాణం లేచొచ్చినట్టైంది. అదే రొద, అవే నల్లకోట్లు, అవే పరుగులు. మెట్ల మీద కూర్చున్నాయన గురించి మొదటి వాక్యం కొట్టిందో లేదో, ఎదురుగా ఒక పెద్దాయన వచ్చి నిలబడి, అర్జీ రాస్తారా అమ్మా అన్నాడు. నేను ఆ పనిమీద రాలేదండీ అనాల్సింది. అనలేకపోయింది. ఆయన చెబుతున్నాడు, వేళ్ళు కదిలిపోతున్నాయి. ఆయన వెనక ఇంకొకరు. చీకటిపడే ముందు ఇల్లు చేరేసరికి ఎవరెవరి అర్జీలో రాసింది, తనది మాత్రం ఆ ఒక్క వాక్యమే.

మర్నాడూ వెళ్ళింది. ఆ తర్వాతా వెళ్ళింది. మనసుకు కాస్త ఊరటగా ఉండేది, చెవుల్లో రొద తగ్గినట్టుండేది. చెట్టు కింద రైలుబండి మళ్ళీ నడుస్తోందని పాత వకీళ్ళు నవ్వుకున్నారు. ఆవిడా నవ్వింది. అయితే ఇంటికొచ్చి లాప్‌టాప్ బల్లమీద పెట్టేసరికి మళ్ళీ ఆ గుబులే. రోజంతా నడిచి ఇంటిగుమ్మం దాటనట్టు.

అలాంటి రోజుల్లో ఒకామె వచ్చింది. భర్త పోయాక మరుదులు ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. వాటా కోసం అర్జీ పెట్టాలి. ఆమె తడుముకోకుండా చెప్పింది, రైలుబండి చకచకా రాసింది. ఎప్పుడు పెళ్ళయింది, ఇల్లు ఎవరి పేర ఉంది, సామాను ఎవరు బయట పెట్టారు. అన్నీ అయ్యాక ఆమె తనలో తను అనుకుంటున్నట్టుగా అంది.

"వచ్చేసే ముందు పొయ్యి తుడిచి వచ్చానండీ. వాళ్ళు గుమ్మంలో నిలబడి త్వరగా కానిమ్మంటుంటే, నేను పొయ్యి తుడిచాను. ఎందుకు తుడిచానో నాకే తెలీదు."

"అది అర్జీకి అక్కర్లేదమ్మా," అంది రైలుబండి.

ఆమె తలూపి, అర్జీ ఎదుటి జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని వెళ్ళిపోయింది. రైలుబండి వేళ్ళు మాత్రం తెరిచిన లాప్‌టాప్ మీద అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్ళు ఎవరో వద్దంటే తను ఆపింది. ఈసారి వద్దన్నది తనే. ఎవరూ చెప్పలేదు, ఏ జడ్జిగారూ చెయ్యి ఊపలేదు. తర్వాత వచ్చినవాళ్ళకు ఒంట్లో బాగాలేదని చెప్పి బస్సెక్కింది. సీటు దొరికినా కూర్చోలేక, కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చింది.

నేరుగా తమ్ముడి దుకాణానికి వెళ్ళి లాప్‌టాప్ తిరిగిచ్చేసింది. ఏం, నచ్చలేదా అన్నాడు. మంచిదేరా, కానీ ఇది ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట పోతోంది, నాలాగే, అంది. నాకు కదలనిది కావాలి. మరి చోటో అన్నాడు. చోటు చూసి చెబుతానంది.

ఆ రోజు భర్త భోజనానికి రాగానే, కంచం ముందు కూర్చున్న మనిషితో అంది. "ముందుగదిలో ఆ మూల నాకు కావాలండీ. బల్లా కంప్యూటరూ పెట్టుకుంటాను."

ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. మరి అట్టపెట్టెలు ఎక్కడ పెట్టాలన్నాడు. సరుకు తిరిగి పంపాలంటే అవి లేకుండా కుదరదన్నాడు. లాప్‌టాప్ ఉంది కదా, హాయిగా ఎక్కడబడితే అక్కడ కూర్చోవచ్చు కదా అని కూడా అన్నాడు. మంచివాడే. అది తిరిగిచ్చేసిందని తెలియక, ఆవిడ అడిగేది అర్థంకాక అన్నాడు.

"ఎక్కడబడితే అక్కడంటే ఎక్కడా లేనట్టేనండీ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "కోర్టులో నాకో కుర్చీ ఉండేది. దాంట్లో ఇంకొకరు కూర్చుంటే లేపే హక్కుండేది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఇది నాది అని ఒక్క మూల అడిగానా?"

ఆయన ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు. వదినగారు వడ్డిస్తోంది. ఈ వయసులో రాతలేమిటని దెప్పుతుందనే అనుకుంది రైలుబండి, ఎందుకంటే అంతకుముందు ఒకటి రెండుసార్లు దెప్పింది కూడా. వదినగారు గిన్నె కిందపెట్టి ఆయన వైపు తిరిగింది.

"ఒరే, నేను ఈ ఇంటికొచ్చినప్పుడు నాకు గది ఇచ్చారా? మిషనుకి ఇచ్చారు. బరువైంది, రోజూ జరపలేమని ఆ గదిలో పెట్టారు. మిషనున్న చోట నేనూ ఉన్నాను. అదే చేతిసంచిలో పట్టేదైతే, నేనీపాటికి హాల్లో చాప మీద ఉండేదాన్ని. పెట్టెలు తియ్యి."

ఈ మాట ఆయనను గట్టిగానే తాకింది. అన్నం ముగించి చెయ్యి కడుక్కుని, షాపుకు వెళ్ళకుండానే పెట్టెలు విప్పి చదును చేసి మంచం కిందికి తోశాడు. అటకమీదికి కొన్ని ఎక్కాయి. కొన్ని మరీ చిరిగినవి పారేశాడు. ఏళ్ళ తరబడి కనపడని గోడ కనపడింది. సున్నం రంగు అక్కడ వేరుగా ఉంది.

డెస్క్‌టాప్ వచ్చింది. తమ్ముడే మోసుకొచ్చి, పెద్ద తెర, వేలు వేసినప్పుడల్లా టక్కుమనే కీబోర్డు అమర్చి పోయాడు. ఇంకేం, కష్టాలు గట్టెక్కాయనుకుంది. ఎక్కడ గట్టెక్కాయి? మర్నాడు పొద్దున్నే కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు. ముప్పై ఏళ్ళూ ఎవరో ఒకరు మాట్లాడుతుంటే కదిలిన వేళ్ళు అవి. గది నిశ్శబ్దంగా ఉంటే వాటికి దారి తెలియలేదు. అలవాటు చొప్పున పైన తేదీ కొట్టింది, సాక్షి పేరు అని కొట్టింది, చెరిపేసింది. లేచి నీళ్ళు తాగింది. కిటికీ తెరిచింది, మూసింది. కుర్చీ తనదైతే కూర్చోగలననుకుంది గానీ, ఒంట్లో ఉన్న రైలు బల్లను చూసి ఆగుతుందా?

రెండుమూడు రోజులు అలా తిరిగి తిరిగి, చివరికి నిలబడే, గోడవైపు చూస్తూ పైకి చెప్పడం మొదలుపెట్టింది. "వచ్చేసే ముందు పొయ్యి తుడిచి వచ్చానండీ." తన గొంతు తన చెవిన పడగానే వేళ్ళకు ప్రాణం వచ్చింది. గబుక్కున కూర్చుంది. ఒక వాక్యం చెప్పుకోవడం, కొట్టడం, ఇంకోటి చెప్పుకోవడం. లోపలి గదిలో మిషను ఆగింది. ఎవరితో మాట్లాడుతున్నావని వదినగారు అడిగితే, నాతోనే వదినా అంది. ఆహా అని మిషను మళ్ళీ కదిలింది.

పొయ్యి కథ పూర్తయ్యాక ఇంకో బెంగ పట్టుకుంది. ఆమె మాటను అడగకుండా రాశానే అని. ఆమె వాయిదా ఎప్పుడో పాత వకీళ్ళను అడిగి తెలుసుకుంది. ఆ రోజున కోర్టుకు వెళ్ళి గేటు దగ్గర అటూ ఇటూ తిరిగింది. అర్జీ రాయమని అడిగినవాళ్ళకు ఇప్పుడు రాయడం లేదని చెప్పగలిగింది. ఆమె కనబడగానే దగ్గరికి వెళ్ళి, ఆ రోజు అక్కర్లేదన్నాను, తప్పయిపోయింది, దాన్ని కథగా రాశాను, మీకు ఇష్టం లేకపోతే తీసేస్తాను అంది. పేరు లేదని కూడా చెప్పింది.

ఆమె చేతిలోని కాగితాలు మడిచి పట్టుకుంది. "ఉంచండి. కానీ నేను ఏడ్చానని రాశారా?"

రైలుబండి రాసింది. పొయ్యి తుడుస్తూ కన్నీళ్ళు తుడుచుకుందని, బాగుంటుందనే రాసింది.

"అది తీసేయండి. నేను ఏడవలేదు. మరకలు పోయాయా లేదా అని చూశాను, అంతే."

ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ వాక్యం తీసేసింది. మరకలు పెట్టింది. అప్పటిదాకా లోపల ఎక్కడో గుచ్చుకుంటున్నది ఒకటి సర్దుకుంది.

ఇప్పుడు ఆ మూలలో కథలు కొన్ని పోగుపడ్డాయి. గొడుగు కుర్రాడిది అయింది, మెట్ల మీది ఆయనది నడుస్తోంది. అలాగని ఆవిడకు కుదురు చిక్కిందని చెబితే అబద్ధమవుతుంది. కుర్చీలో నాలుగు వాక్యాలకు మించి నిలవదు. లేచి ఒక చుట్టు తిరిగి వస్తుంది. మంచి మాటలు తట్టేది కూడా కుర్చీలో కాదు, బస్సులోనో బజార్లోనో. లాప్‌టాప్ ఉంటే ఇక్కడే రాసేదాన్ని కదా అని అప్పుడు మనసు పీకుతుంది. తమ్ముడి దుకాణం ముందు కాళ్ళు ఆగుతాయి కూడా. మొన్న బస్సులో అలాంటి వాక్యమే ఒకటి తట్టింది. జారిపోకుండా పెదాల మీద దాన్నే తిప్పుకుంటూ కూర్చుంది. పక్క సీటావిడ జపమనుకుని ఒద్దికగా జరిగింది. దిగాల్సిన చోటు దాటిపోయింది. తర్వాతి చోట దిగి, ఎవరైనా పలకరిస్తే ఎక్కడ మరిచిపోతానో అని తల వంచుకుని, అంత దూరమూ గొణుక్కుంటూ గబగబా వెనక్కి, ఇంట్లో తన మూలకు నడిచింది.