నది వైపు కిటికీలు లేని లాడ్జి

మా చిన్నాయన పోయాడని ఫోను వచ్చేటప్పటికి, నేను ఆయనతో పోట్లాడడానికే మాన్వి నుంచి బస్సులో వస్తున్నాను. ఆ పోట్లాట ఇంకా నా దగ్గరే ఉంది.

రాయచూరు బజారులో బట్టల దుకాణం నడిపిన మనిషి, అరవై దాటాక శక్తినగర్ దగ్గర కృష్ణ ఒడ్డున లాడ్జి కడతానన్నాడు. ప్లాను గీసింది నేను. నది వంపు అవతలున్న కరెంటు ఫ్యాక్టరీ బూడిదతో చేసిన ఇటుకలు, షాబాదు బండలు, వట్టివేళ్ల తడికెలు, అన్నిటికీ సరే అన్నాడు. నది వైపు కిటికీలు మాత్రం రబ్బరుతో చెరిపేశాడు.

"ఎండకాలం నదిల ఆ రాళ్ల మీద పిట్టలు గుడ్లు పెడ్తయమ్మా. మన లైట్లు వాటి మీద పడొద్దు."

"జనం వచ్చేదే నది సూడనీకె గద చిన్నాయనా?"

"బయటికి నడిచి సూడమను. కాళ్లు లేవా?"

"పోనీ, తెరలు ఏద్దాం."

"వచ్చినోళ్లు తెర తియ్యరా?"

"ఆ ఫ్యాక్టరీ తెల్లందాక ఎలుగుతనే ఉంటది. మన నాలుగు బల్బులా అడ్డం?"

"దాని స్విచ్చి నా చేతుల లేదు. దీనిది ఉంది."

గదులు నిండలేదు. బెంగళూరు నుంచి వచ్చినాయన ఏసీ ఏదంటే, "తడికె మీద నీళ్లు చల్లిస్త సార్, దానికి బిల్లు ఎయ్యను" అన్నాడు. ఆయన సాయంత్రానికే సామాను సర్దుకున్నాడు. పొద్దుగూకితే చాలు, చిన్నాయన చెప్పులు టపటపలాడించుకుంటూ వరండా లైట్లు ఆర్పుకుంటూ పోయేవాడు, జనం భోంచేస్తున్నా సరే. దీనివల్ల పిట్టలకు మేలు జరిగిందా? నాకు తెలియదు. ఆయన్ను అడిగితే, "అవి వచ్చి చెప్తయా?" అనేవాడు. ఇప్పుడు ఎవరి ఇంటికి ప్లాను గీసినా, దీపం వెలుగు ఎక్కడ పడుతుందో ముందు చూస్తాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే. దాని మీదా నాకు విసుగే.

కర్మ అయిన రోజు లాడ్జి వరండాలో చిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "గిట్లయితే మూసుకునుడే బిడ్డా. నది దిక్కు గోడకు కిటికీల కోసం మేస్త్రీతోని సుద్దగీతలు పెట్టించిన. రేపు పగలగొట్టమంటవా?"

గదుల నిండా చుట్టాలు, అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. అప్పటికే చీకటి పడింది. చిన్నమ్మే లేచింది. ఒక్కొక్క స్విచ్చే ఆర్పుకుంటూ నడిచింది. "పోయినంక గూడ నాతోనే ఆర్పిస్తుండు," అని గొణిగింది.

"ఈ ఎండకాలం దాటనీ చిన్నమ్మా," అన్నాను. చేసింది సరైన పనో కాదో.

చివరి లైటు ఆరాక ఒడ్డుకు దిగి వెనక్కి చూశాను. ఫ్యాక్టరీ వెలుగు నీళ్ల మీదుగా వచ్చి గోడ మీద పడుతోంది. సుద్దతో గీసిన ఆ చదరాలు వరుసగా, తెరిచిన కిటికీల్లా తెల్లగా కనబడుతున్నాయి.