ఒంటెద్దామె కుప్ప మీద పడిన వాన

“ఆ వాన తీసేయ్ మ్మే.”

“తీయనవ్వా. కథకు అదే ముఖ్యం.”

“ముఖ్యమా? ఆమె కొంప ముంచుతాండావు నువ్వు. శెనక్కాయ చెట్లు పీకి కుప్పేసినాక వాన పడితే ఆమె ఏం తినాల? ఆమె ఎద్దు ఏం తినాల?”

“కథలో వాన పడితే మంచి జరిగినట్టవ్వా. అది అందరికీ తెలుసు.”

“ఎవరా అందరూ? వాళ్ళను ఒకతూరి ఈడికి పిలుచుకోని రా. ఈ కుప్ప ముందర నిలబెట్టి నేనడగతా.”

ఆదివారం సాయంత్రం మా ఇంటి ముందర శెనక్కాయ కుప్ప దగ్గర కూర్చోని కాయలు తెంచుతూ నేనూ నా మనవరాలూ పడిన తగువు ఇది. మా ఊరు పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో ఉంది. పిల్ల నా కొడుకు కూతురు. ఎనిమిదో తరగతి నుంచీ మదనపల్లెలో హాస్టల్లోనే ఉండి, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సోమవారం పొద్దున వాళ్ళ కాలేజీలో కథల పోటీ. నాలుగు పేజీల కథ రాసుకొచ్చి, ఒక చేత్తో కాగితాలు పట్టుకోని నాకు చదివి వినిపించింది. మూడు పేజీలు నేను నోరెత్తలేదు, నా చేతులు వాటి పని అవి చేసుకుంటా ఉన్నాయి. నాలుగో పేజీలో వాన పడింది. ఒంటెద్దామె కుప్ప పక్కన నిలబడి, చేతులు రెండూ చాచి, ఆకాశానికి మొహమెత్తి నవ్విందంట. ఆ మాట దగ్గర నా చేతులు ఆగిపోయినాయి.

కుప్ప తడుస్తుంటే ఎవరన్నా చేతులు చాస్తారా? ఆ చేతుల్లో కుప్ప మీద కప్పే ప్లాస్టిక్ పట్ట ఉండాల గానీ.

ఒంటెద్దామె ఎవరో చెప్పాల. ఆమె నిజం మనిషి కాదు. నేను కట్టిన మనిషి.

నేను మూడో తరగతి దాకా చదివినాను. మా పుట్టిల్లు కుప్పం పక్క, రామకుప్పం దగ్గర పల్లె. నేను మూడులో ఉండగా వానలు ఎత్తిపోయినాయి, బావులు ఎండినాయి. పలక ఇంట్లో పెట్టేసి బిందె చేతికిచ్చినారు. మళ్ళా బావిలో నీళ్ళొచ్చేసరికి నా వయసు పిల్లలు అయిదుకు పోయినారు, నన్ను ఎవరూ బడికి పొమ్మనలేదు. అందుకే ఇప్పటికీ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకుంటా చదువుతాను, రాస్తాను. ఇది కూడా మనవరాలి పాత నోటుపుస్తకంలో మిగిలిపోయిన తెల్ల కాగితాల మీద రాస్తున్నాను. వాటిని పాత పేపర్లోళ్ళకు వేస్తానంటే ఒప్పుకోలేదు నేను.

పెండ్లయి ఈ పక్కకు వచ్చినాక నాకు ముగ్గురు పిల్లలు. ఎండాకాలం చివర్లో విత్తనానికి శెనక్కాయలు ఒలిచేటప్పుడు వాళ్ళతో పెద్ద బాధ. ఒలిచేది రెండు గింజలు, నోట్లో వేసుకునేది మూడు. కొడితే ఏడుస్తారు, ఏడుస్తానే తింటారు. అందుకని ఒక ఉపాయం చేసినాను. కథ చెప్తాను, ఎవరి నోట్లో గింజ పడినా ఆ మాట దగ్గర కథ ఆగిపోతుంది, మళ్ళా రేపే. అట్ల పుట్టింది ఆమె. నా పిల్లలు ఆమె కోసం నోరు కట్టుకున్నారు. నా విత్తనాలు నాకు మిగిలినాయి.

అప్పుడామెకు రెండెద్దులు ఉండేవి. మాకూ రెండే. మాకు వాన బాగా కురిసిన యేడు కథలో ఆమె గంపెడు కాయలు ఉడకబెట్టి ఊరంతా పంచింది. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే టైములో మాకు వాన ఎగ్గొట్టిన యేడు, ఆమె చేలో కూడా పైన ఆకు పచ్చగా ఉండి కింద కాయ లేకుండా పోయింది. అడవి ఎండి మా తమ్ముడి రాగిచేలో ఏనుగులు దిగిన యేడు, ఆమె చేలోకీ దిగినాయి. నాకు వేరే కల్పన రాదు. మా ఇంటి మీద ఏం వాన పడిందో, ఏం ఎండ కాసిందో, అదే ఆమెకు పెట్టినాను. ఇంట్లో వండిందే కదా పక్కింటామెకు గిన్నెలో పెట్టేది.

ఒక యేడు మేత లేక ఒక ఎద్దును పుంగనూరు సంతకు తోలినాం. ఆ పొద్దు కథలో ఆమె ఒక్క ఎద్దునే విప్పింది. నా పెద్దకొడుకు, ఈ పిల్ల నాయన, “రెండోది యాడమ్మా?” అన్నాడు. “సంతకు పోయింది,” అన్నాను. వాడు చేతిలో కాయలు చాటలో పోసేసి లేచి బయటికి పోయినాడు. మూడు దినాలు కథ అడగలేదు. అప్పటి నుంచి ఆమె ఒంటెద్దామె. మనవరాలు పుట్టేనాటికి ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఈ పిల్ల అయితే ఆమె పుట్టుకతోనే ఒక ఎద్దుతో పుట్టిందనుకుంటుంది.

ఇన్నేండ్లు ఇంత నీతిగా సాకిన మనిషి మీద, చెట్లు పీకి కుప్పేసినాక తెచ్చి వాన పోస్తే నాకు మండదా?

టీవీలో కూడా ఇదే వరస. ఎవరు ఏడ్చినా వాన పడుతుంది. పెండ్లి కుదిరినా వాన, తగువు తీరినా వాన. ఆ వీధిలో ఒక్క ఇంట్లో అన్నా వడియాలు ఎండబెట్టుకోని ఉండరా? ఎవరూ పరిగెత్తరే. మా మీదికొచ్చే వాన మా మనసులో ఏముందో కనుక్కోని రాదు. దానికి కార్తె ఉంది. ఆరుద్రలో పడితే విత్తుకుంటాం. పుబ్బలో పడితే ఊడలు దిగుతాయి. స్వాతిలో పడితే కుప్పలో ఉన్న కాయ ఉన్నచోటే మొలకెత్తి పోతుంది. ఒకే నీళ్ళు. ఏ వారం పడిందో చెప్పకుండా వాన పడింది అని రాసే మనిషికి పెన్ను ఎవరిచ్చినారు?

ఇదే మాట పిల్లనడిగినాను.

“మా తెలుగు మేడం ఇచ్చింది పెన్ను,” అనింది. “మొదుట నువ్వు చెప్పినట్టే రాసినానవ్వా. ఒంటెద్దామె ఎండలో నిలబడి మబ్బు కోసం సూస్తాండినట్టు ముగించినా. మేడం కొట్టేసింది. ఇంత కరువు వద్దమ్మా, సివర్లో వాన కురిపించు, వినేవాళ్ళకు ఆశ పుట్టాల అనింది.”

“మీ మేడంకు కుప్ప ఉండాదా?”

“మేడంకు కుప్పేంది? మిద్దింట్లో ఉంటాది. పైన గుడ్డలు ఆరేసుకుంటాది.”

“అయితే ఆ గుడ్డలు తడిసిన పొద్దు ఎంత ఆశ పుట్టిందో అడిగి రా.”

పిల్లకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా కోపమొచ్చింది. చేతిలో చెట్టు పక్కన పడేసి, “నవ్వించొద్దవ్వా. ఎన్నేండ్లు ఎండగడతావు ఆమెను? నేను పుట్టినప్పటి నుంచీ వింటాండా. వాన పడదు. పడినా సాలదు. సాలితే పైరుకు రోగం వస్తాది. ఒక్క యేడన్నా ఆమె సుఖంగా కూసుందా? సంగట్లోకి నెయ్యి ఏసినట్టు, వానను కూడా సొట్టు సొట్టు ఏస్తాండావు నువ్వు,” అనింది.

“మనకు ఇచ్చిందే నేను ఆమెకు ఇచ్చినా. దాసుకోలేదు.”

“మనకు ఇచ్చిందంతా ఇచ్చినావా?”

“అంతా.”

“రెండేండ్ల కిందట స్వాతిలో మన కుప్ప మీద పడిన వాన ఆమె మీద యాల పడలేదు? దాని ఎనకాల పండక్కి వచ్చినప్పుడు కథ చెప్పమని అడిగితే, ఆ యేడు ఒంటెద్దామె ఊరికి పోయింది అంటివే. యా ఊరికి పోయింది?”

నేను కాయలు తెంచినాను.

రెండేండ్ల కిందటిది చెప్తాను. ఇదే చోట ఇంతే కుప్ప. ముసురు పట్టింది. పాత పట్ట కప్పినాం. అది ఎలుకలు కొరికి జల్లెడ మాదిరి ఉండింది. కొత్త పట్ట లేకపోలేదు. నీలం రంగుది, మందంగా, వాసన కూడా పోకుండా, తెచ్చిన మడతలోనే అటక మీద ఉండింది. నా కొడుకు నిచ్చెన తెస్తానన్నాడు. “పాతది సాల్లే, పొద్దునకు ఎలిచిపోతాది. కొత్తది ఇప్పుడే ఎండకూ రాయికీ ఏసి సింపుకుంటామా?” అన్నాను నేను. పొద్దునకు వెలవలేదు. రెండో పొద్దు కూడా అదే మాటన్నాను. మూడో దినం కుప్పలో చెయ్యి పెడితే అన్నం కుండలో పెట్టినట్టు కాలింది. కాయ కాయకూ మొలక. మేతకు పెట్టుకునే శెనగ కట్టె నల్లబడి బూజు పట్టింది. ఆవు దగ్గరికొచ్చి వాసన చూసి మొహం తిప్పుకుంది. నేను ఆకాశాన్ని తిట్టినాను. టీవీలో వాన సంగతి చెప్పే ఆమెను తిట్టినాను. కోడలిని కూడా ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు, ఆమెకు ఉంటుంది. నా కొడుకు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

“నాయన చెప్పినాడు,” అనింది మనవరాలు, మెల్లగా. “కొత్త పట్ట అటక మీదే ఉండిందంట.”

“మీ నాయనకు చెప్పుకునేదానికి ఇంకేం దొరకలేదా?”

“దారం కూడా విప్పలేదంట. ఇప్పటికీ ఆడే ఉండాదంట.”

కుప్ప పక్కన పాత పట్ట మడిచి పెట్టి ఉంది. రెండేండ్ల కిందటి బొక్కలకు నేను వేసిన మాసికలు దాని మీద కనపడుతున్నాయి. పిల్ల దాని వైపు చూసింది. నేను అటు చూడలేదు.

“పట్టతో నీ కథకేం పని?” అన్నాను.

“పని ఉండాది. ఒంటెద్దామె దగ్గర పట్ట ఉండాదా, లేదా? అది చెప్పు.”

“బీద మనిషి. యాడ నుంచి వస్తాది?”

“బీద మనిషే. కానీ ఏదీ పారెయ్యదు, అన్నీ దాస్తాది అని నువ్వే చెప్పినావు. పగిలిన చెంబు కూడా దాసిందని చెప్పినావు. అంత దాసే ఆమె అటక మీద ఒక పట్ట ఉండదా?”

నా కథలో మనిషి గురించి నాకే చెప్తోంది. గంప ఎత్తుకోని లోపలికి వచ్చేసినాను.

ఆ పూట సంగటి ముద్ద ఎవరి తట్టలో వాళ్ళం తిన్నాం. కొడుకూ కోడలూ టమాటా తోట నుంచి వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి వాళ్ళ సంగటి వాళ్ళే పెట్టుకున్నారు. తిన్నాక పిల్ల గోడకానుకోని నాలుగో పేజీ ముందేసుకోని కూర్చునింది. కాసేపటికి కాగితం చింపిన చప్పుడైంది.

“సింపొద్దు,” అన్నాను. “దాని ఎనక తెల్లగా ఉండాది.”

“ఎనక పక్క రాస్తే మేడం ఒప్పుకోదవ్వా.”

“కాగితానికి రెండు పక్కలు యాల ఉండాయో ఆ మేడంనే అడుగు.”

అంతే మాట్లాడుకున్నాం. వాన తీసిందో ఉంచిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పొద్దున పిల్ల తలదువ్వుకోని, సంచి తగిలించుకోని వాకిట్లో నిలబడింది. బస్సుకు ఇంకా టైముంది. నేను కసువు ఊడుస్తున్నాను.

“అవ్వా, ఆ పట్ట ఏ రంగు?”

“నీలం.”

“దారం?”

“తెల్లది. నైలాన్ది. రెండు ముళ్ళు.”

కాగితాన్ని గోడకు ఆనించి నిలబడే రాసుకుంది. రెండు వరసలు రాసింది. సంచిలో పెట్టుకోని, “వస్తానవ్వా,” అని బస్సుకు పోయింది.

నేను చీపురు మూలకు పెట్టి, కొడుకును నిచ్చెన వేయమన్నాను. వాడు వేసి పట్టుకున్నాడు, ఎందుకని అడగలేదు. ఎక్కి పట్ట దింపినాను. మీద వేలు మందాన దుమ్ము. ముళ్ళు బిగుసుకోని ఉంటే కొడుకు కొడవలి తెచ్చినాడు. వద్దని, గోళ్ళతో విప్పి, దారం చుట్టి కొంగున కట్టుకున్నాను. మేమిద్దరం పట్ట విప్పి కుప్ప మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టినాం. ఆకాశంలో ఎక్కడా మబ్బు లేదు. పట్ట అంచు ఒక పక్క ఎత్తి, కింద నుంచి చెట్లు లాక్కోని, కాయలు తెంచుతూ కూర్చున్నాను.