షట్టర్‌కి వేసిన నూనె

మా ఆయన బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టర్. ఎనభైల మొదట్లో, రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తున్న ఒక ముసలి డ్రైవరు దగ్గర ఆయన ఒక పాత కెమెరా కొనుక్కొచ్చారు. మూత తెరిస్తే హార్మోనియం తిత్తిలాగా నల్లటి తోలు మడతలు ముందుకి సాగేవి. వాటి కొసన అద్దం ఉండేది. ఆ మడతలు సాగాలంటే బతిమాలాలి, మళ్ళీ ముడుచుకోవాలంటే తిట్టాలి. కూతురికి సవతి పోరు లేదని మా అమ్మ మురిసిపోయేది కానీ, సవతి ఉంది. అలమారలో ఉండేది.

దానికి రోజుకో రోగం. తోలు మడతల్లో చిల్లులు పడి వెలుతురు దూరేది, ఫోటోల నిండా మరకలు. మధ్యాహ్నం పూట తలుపులూ కిటికీలూ మూయించి, తిత్తి లోపల టార్చి పెట్టి, వెలుగు కనిపించిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్క అంటించేవారు. అంటించాక మందమెక్కి మూత పడేది కాదు. మూత పడేలా చేస్తే అద్దం వంకరపోయేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? విప్పిన స్క్రూల వరస తప్పిపోకుండా నా ఇడ్లీ ప్లేటు గుంటల్లో పెట్టుకునేవారు. ఆదివారం ఇడ్లీ అడిగితే, "స్క్రూలున్నాయి, నంజుకోడానికి ఏటి చెయ్యమంటారు?" అనేదాన్ని.

అన్నిటికంటే పెద్ద బాధ షట్టర్‌తో. తెరుచుకోవాల్సిన రేకులు పట్టేసేవి. షెడ్డు మనిషి కదా, ఏది పట్టేసినా ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే. "అంతేసి ఇంజనే నూనేస్తే నడుస్తాది, ఇదెంత?" అని కుట్టుమిషను నూనె చుక్కలు వేశారు. అది మే నెల. ఆ ఎండకి రేకులు చక్కగా ఆడాయి. వేసవంతా నావీ, గేటు పక్క మేకలవీ ఫోటోలు తీసి గొప్పలు పోయారు.

ఆ చలికాలంలో అమ్మ బొబ్బిలి దగ్గర మా ఊరి నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చింది. అమ్మకి ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. నాన్న ప్రతి పెళ్ళిలోనూ ఎగబడి ఫోటోలు దిగేవాడనీ, అందుకే ముందు పోయాడనీ ఆవిడ లెక్క. నేను మాత్రం పట్టు విడవలేదు. ఆవిడ ముఖం నా దగ్గర ఉండాలి, అంతే.

"ఈ ముసిలి మొకం నీకేటికే?" అని విసుక్కుని, ఊరెళ్ళే రోజు పొద్దున్న ఆవిడే బయటికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. మా ఆయన టేపు పట్టి అత్తగారి ముక్కు నుంచి కెమెరాకి దూరం కొలిచారు. చలికి చేతులు రుద్దుకుని మీట నొక్కారు. టక్కుమంది.

"అయిపోనాదేటి బాబూ?"

"అయిపోయిందత్తయ్యా."

"ఓస్, ఇంతేనా!" అని లేచి చెంగు సర్దుకుంది.

అమ్మ కోసమే వేసిన కొత్త రోలు అది, ఇంకా ఫోటోలు మిగిలున్నాయి. పూర్తి కాకుండా కడిగించడం ఎందుకని ఉంచేశాం. మాఘమాసంలో టెలిగ్రాం వచ్చింది. రాయగడ మీదుగా రైలు పట్టుకుని వెళ్ళేసరికి దహనం అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. తిరిగొచ్చిన మర్నాడే రోలు తీసుకుని తోర్వా దారిలో ఉన్న స్టూడియోకి వెళ్ళాం. అతను కడిగిన ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూపించాడు. అంచున అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

చలికి నూనె చిక్కబడి రేకులు అతుక్కుపోయాయనీ, టక్కుమన్నది పైనున్న మీట మాత్రమేననీ మా ఆయన ఇంటికొచ్చి వివరంగా చెప్పారు. ఒకటికి రెండుసార్లు చెప్పారు. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లేచి పప్పు ఉడికిందో లేదో చూశాను. తర్వాత చాలా నెలలు అలాగే గడిచాయి. ఎవరేమడిగినా అచ్ఛా అనేదాన్ని.

మళ్ళీ స్టూడియోకి వెళ్ళింది ఆయనే. ఒక్క ఫోటో కూడా లేకుండా చనిపోయినవాళ్ళకి అక్కడ ఒక పద్ధతి ఉండేది. "బేటీ హై నా? తో హో జాయేగా" అన్నాడట అతను, కూతురుంటే చాలు పనైపోతుందని. కూతురి ఫోటో ఇస్తే జుట్టు నెరిపించి, బుగ్గలు లోపలికి లాగి, తల్లిని చేసి ఇస్తాడు. మా ఆయన కెమెరా మొత్తం విప్పి, పెట్రోలుతో నూనె కడిగి, మళ్ళీ బిగించారు. నేను అమ్మ చీర కట్టుకుని అదే స్టూలు మీద కూర్చున్నాను. బొట్టు తీసేశాను.

"అదుండనీ, వాడే చెరిపేస్తాడు" అన్నారాయన.

"మీరు తియ్యండి" అన్నాను.

ఆ కెమెరాతో ఆయన తీసిన ఫోటోలన్నిటిలోకీ అదే బాగా వచ్చింది. ఒక్క మరక లేదు.

సంవత్సరీకానికి ఆ పటం కట్టించి ఊరు తీసుకెళ్ళాం. "అమ్మేనే... అచ్చం అమ్మే" అని అన్నయ్య భోరుమన్నాడు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి దండ వేసి దణ్ణం పెట్టారు. పటం కిందే నిలబడ్డ నన్ను ఎవరూ పోల్చి చూడలేదు. మా ఆయన మాత్రం గదిలోకి రాలేదు. బొట్టు లేని నా ముఖం మీద దండ ఆయన చూడలేకపోయారు.

అది అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది. కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకుంటే నాకు కనిపించేది ఆ పటమే, అంటే నేనే. అమ్మకి ముక్కు పక్కన ఒక పుట్టుమచ్చ ఉండేదని తెలుసు. ఏ పక్కనో గుర్తు రావడం లేదు. తర్వాత ఎప్పుడో ఊరెళ్ళినప్పుడు అన్నయ్యని అడిగాను.

"ఉండేది కదేటి" అన్నాడు. ఏ పక్కనో చూసి చెబుదామని గోడ మీది పటం వైపు తల తిప్పాడు.