‘మీరు’ అనే మిషను

మూడో తరగతి టీచరమ్మకి నోరు పెద్దది, చెయ్యి చిన్నది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పిల్లల్లో ఒక్కర్నీ కొట్టింది లేదు. ‘ఒరేయ్’ అనో ‘ఏమే’ అనో తప్ప పిలిచిందీ లేదు. అయినా పిల్లలు ఆవిడ బల్ల చుట్టూ ఈగల్లా మూగేవాళ్ళు. ఇంట్లో ఒంటిగా ఉండే మనిషికి ఆ గోలే ప్రాణం.

అలాంటిది ఈ ఏడు తరగతికి ఏఐ ట్యాబు వచ్చింది. కిటికీ పక్కన స్టాండు మీద పెట్టారు. ఏమడిగినా ఠక్కున చెబుతుంది. వారం తిరిగేసరికి మంద మొత్తం అటు జరిగింది, టీచరమ్మ బల్ల బోసిపోయింది. ఆవిడ మనసు చివుక్కుమంది. చెప్పుకుందామంటే ఇంట్లో గోడలు తప్ప ఎవరున్నారు?

ఇంతలో, ఏఐ ఎలా ఉందో పిల్లల చేత రాయించి పంపమని విద్యాశాఖ ఆఫీసు నుంచి కాగితాలొచ్చాయి. లెక్కలు చెబుతుందనో, విసుక్కోదనో రాస్తారనుకుంది. ముప్పై ఒక్క కాగితాల్లో ఇరవై దాకా ఒకటే మాట: ‘అది నన్ను మీరు అంటుంది.’ ఎనిమిదేళ్ళ వెధవల్ని ఇన్నాళ్ళూ ఎవరు ‘మీరు’ అన్నారు గనక!

ఓహో, ఇదా సంగతి అనుకుంది టీచరమ్మ. మర్నాడు మొదటి బెంచీలో కూర్చునే పిల్లని, అందరూ ‘పిట్ట’ అనే దాన్ని, పిలిచింది.

“అమ్మాయిగారూ, మీ నోటుపుస్తకం తీసుకుని ఇలా రండి.”

పిట్ట లేచి నిలబడింది.

“నేనేం తప్పు చేశాను టీచర్?” అని బావురుమంది. “మా అమ్మ కూడా బాగా కోపమొస్తేనే మీరు అంటుంది.”

“మరి ఆ ట్యాబు ‘మీరు’ అంటే బాగుందని రాశావుగా?”

“దానికి నేనెవరో తెలీదు. మీకు తెలుసు కదా టీచర్!”

టీచరమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “ఏడవకే పిచ్చిమొహమా, ఇలా రా” అంది. ఆ రోజు పిట్ట వెనకాలే మరో నలుగురు పుస్తకాలు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చారు.

సాయంత్రం బడి వదిలాక, ఖాళీ బెంచీలు సర్దుతుంటే ఆవిడకి ఒకటి తట్టింది. హెడ్మాస్టరు, ఇంటి ఓనరు, మందుల షాపతను, అందరూ తనని ‘మీరు’ అనేవాళ్ళే. అక్క పోయి ఆరేళ్ళయింది. ఆ తర్వాత ‘ఏమే’ అన్నవాళ్ళే లేరు. దిగులు ముంచుకొచ్చింది. ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని ట్యాబు దగ్గరికెళ్ళింది.

“నన్నొక్కసారి ‘ఏమే’ అని పిలుస్తావా?”

“మిమ్మల్ని అలా పిలవడం మర్యాద కాదండీ. ఇంకేమైనా సాయం కావాలా?”

“వద్దులెండి” అంది టీచరమ్మ.