వాగు దగ్గర పడిన పాచిక

ఆర్లిస్ ట్వెట్‌కి ముక్కు మీదే కోపం అని ఊరంతా అంటుంది. అది పూర్తిగా నిజం కాదు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. వెనక సీట్లలో పిల్లలు ఒకళ్ల కోటులో ఒకళ్లు మంచు కూరుతున్నా అద్దంలోంచి ఒక చూపు చూసి ఊరుకుంటుంది. రోడ్డు గడ్డకట్టి బస్సు పక్కకి జారినా విసుక్కోదు. ఆమెకి మండేది ఒక్కటే. జరిగిన అన్యాయానికి ఎవరో వచ్చి ఒక అర్థం అతికించి, ఇదంతా నీ మంచికే అని వీపు నిమిరితే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అలా ఎక్కడం మొదలైంది వెండెల్ పోయినప్పుడు. వెండెల్ ఆమె మొగుడు. పాల ట్యాంకరు నడిపేవాడు, పాడి కొట్టాల దగ్గర పాలు పోయించుకుని చీజ్ ఫ్యాక్టరీకి చేర్చేవాడు. ఒక నవంబరు పొద్దున పొగమంచులోంచి జింక రోడ్డు మీదికి దూకింది. విస్కాన్సిన్‌లో బండి నడిపే ప్రతివాడి మీదికీ ఏదో ఒకనాడు జింక దూకుతుంది. చాలామందికి లైటు పగులుతుంది, బంపరు సొట్టపడుతుంది, ఆ కథ బార్లో కూర్చుని నెల రోజులు చెప్పుకుంటారు. వెండెల్ ట్యాంకరు మాత్రం గుంటలోకి బోర్లా పడింది.

అంత్యక్రియలయ్యాక చర్చి కింద హాల్లో అందరూ హామ్ శాండ్‌విచ్‌లు తింటున్నారు. వెన్న రాసిన చిన్న బన్నులో హామ్, అంటే ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్క పెట్టి చేసే ఆ శాండ్‌విచ్‌లు ఆ చుట్టుపక్కల చావుకి తప్ప చెయ్యరు. ఆర్లిస్ పళ్లెం ఇంకా ముట్టుకోలేదు. పాస్టరు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "దేవుడు ఊరికే పిలవడమ్మా. వెండెల్‌నే ఎంచుకున్నాడంటే దానికో ఉద్దేశం ఉండే ఉంటుంది," అన్నాడు.

"ఆ జింకకి వెండెల్ ఎవరో తెలీదు పాస్టరుగారూ," అంది ఆర్లిస్. చెయ్యి విడిపించుకుని, కోటు తగిలించుకుని, సొంత మొగుడి చావు భోజనంలోంచి ఒక్క ముద్ద తినకుండా లేచి వెళ్లిపోయింది. ఊరు ఆ సంగతి మర్చిపోలేదు, ఆమె ఆ మాట మర్చిపోలేదు.

చర్చి మానేసింది కానీ శనివారం మధ్యాహ్నాలు మానలేదు. ఆమె స్నేహితురాలు ఫెర్న్‌కి ఇనప సామాన్ల కొట్టుంది. దాని వెనక గదిలో పెయింటు డబ్బాల మధ్య మడత బల్ల వేసుకుని నలుగురూ ఆట ఆడతారు. కత్తులూ మంత్రాలూ రాక్షసులూ ఉండే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా ఆ కథలో ప్రయాణం చేస్తారు, ఏం జరుగుతుందో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది వెండెల్ తమ్ముడు గేలెన్. ఫెర్న్ మంత్రగత్తె. దాణా మిల్లులో పనిచేసే రస్ విలుకాడు. వెండెల్ ఉన్న రోజుల్లో ఆర్లిస్ ఒక దొంగ, వెండెల్ టోర్బిన్ అనే మరుగుజ్జు వీరుడు.

వెండెల్ పోయాక ఆర్లిస్ తన దొంగని ఏదో సత్రంలో దింపేసి, టోర్బిన్ కాగితం తన ముందుకి లాక్కుంది. పైన పేరు వెండెల్ చేతిరాత. కింద ప్రాణం అంకె రాసేచోట, దెబ్బ తగిలినప్పుడల్లా చెరిపి చెరిపి కాగితం నూగు లేచిపోయింది. టోర్బిన్ మాట్లాడాల్సి వస్తే ఆమె వెండెల్ పెట్టే బొంగురు గొంతే పెట్టేది. అతను వేసే జోకులే వేసేది, ఏ చీకటి గుహలోకి దిగినా "భోజనం ఎన్నింటికి?" అనడంతో సహా. మొదట్లో ముగ్గురూ నవ్వేవాళ్లు. పోను పోను ఆ గొంతు వినపడగానే రస్ కాఫీకని లేచేవాడు, గేలెన్ పుస్తకంలో పేజీలు తిప్పేవాడు. ఆమె అది పట్టించుకోలేదు.

ఆటలో ఆమెకి నిధులు అక్కర్లేదు. ఆమెకి కావలసింది దారి. ఊరు దాటి అడవిలో పడ్డాక, ప్రతి మజిలీలోనూ ఆరు ముఖాల పాచిక ఒకటి వెయ్యాలి. ఒకటి పడితే ఏదో మీద పడుతుంది, వేరే ఏది పడినా దారి మీ దారే. ఆ పాచికకి ఎవరూ చుట్టం కాదు, ఎవరి మీదా పగ లేదు. అది దొర్లుతున్నంతసేపూ ఆర్లిస్‌కి గుండె తేలికగా ఉండేది. ఇలా అని ఎవరికీ చెప్పలేదు, చెబితే మళ్లీ ఎవడో దానికో అర్థం చెబుతాడని భయం.

గేలెన్ తన ముందు ఒక అట్ట నిలబెట్టి దాని వెనక పాచికలు వేస్తాడు. నడిపేవాళ్లందరూ చేసేదే అది. అయితే ఆ బల్ల దగ్గర వెండెల్ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఎవరి పాత్రైనా చస్తే, చంపిన పాచికని కదపకూడదు. అట్ట పక్కకి తియ్యాలి, అందరూ లేచి దాన్ని చూడాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. వెండెల్ దాన్ని శవాన్ని చూడ్డం అనేవాడు.

1984 ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆటలో, వీళ్ల పాత్రలు మూడూ ఒక వాగు దగ్గరికొచ్చాయి.

"ముందు ఎవరు దిగుతారు?" అన్నాడు గేలెన్.

"టోర్బిన్ దిగితే బావుంటుంది," అంది ఫెర్న్.

"అవును, టోర్బిన్," అన్నాడు రస్, కప్పులోకి చూస్తూ.

పీకల్లోతు నీళ్లలోకి అందరికన్నా పొట్టివాణ్ణి దింపడం ఏం తెలివో ఆర్లిస్‌కి అర్థం కాలేదు. అయినా సరే అంది, టోర్బిన్ దిగాడని చెప్పింది. అట్ట వెనక పాచిక గలగలమంది. గేలెన్ ముందు ఆమె మొహం చూశాడు, తర్వాత పాచిక చూశాడు. పొదల్లోంచి రాక్షసులన్నాడు. అక్కణ్ణించి గేలెన్ నోట్లోంచి ఎన్నడూ రాని భాష వచ్చింది. అస్తమిస్తున్న సూర్యుడట, ఎర్రబారిన నీళ్లట. మిత్రుల్ని అవతలి గట్టుకి పంపి మరుగుజ్జు ఒంటరిగా దారికి అడ్డం నిలబడ్డాడట. చివరి దెబ్బకి పాచిక వేసి, "టోర్బిన్ ఒరిగిపోయాడు," అంటూనే గుప్పెట్లో పాచికలన్నీ ఊడ్చేసుకున్నాడు.

ఫెర్న్ కళ్లు తుడుచుకుంది. లేచి, షెల్ఫు మీదున్న పళ్లెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టి తువ్వాలు తీసింది.

ఎప్పుడూ పెట్టేది పాప్‌కార్న్. పళ్లెంలో ఉన్నవి వెన్న రాసిన చిన్న బన్నులు, వాటిలో హామ్.

ఆర్లిస్ ఆ పళ్లెం వంక చూసింది. బన్నులు పొద్దున్నే కాల్చినవి. టోర్బిన్ చచ్చింది ఇప్పుడు. పాపం ఫెర్న్, చావు ఉందని తెలిసీ ఉత్త చేతుల్తో రాలేకపోయింది, పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్లో ఏ ఆడదీ అలా వెళ్లలేదు.

"ఈ చావు ఎప్పుడు నిర్ణయమైంది?" అంది ఆర్లిస్. గొంతు పెంచలేదు.

 ఫెర్న్ తువ్వాలు మళ్లీ బన్నుల మీద కప్పబోయింది.

"చంపిన పాచిక చూపించు గేలెన్."

"తీసేశానుగా."

"వెండెల్ తమ్ముడివి, ఆ కట్టుబాటు నీకు తెలీదూ? ఏం పడింది?"

గేలెన్ గుప్పెట విప్పి పాచికలు బల్ల మీద పోశాడు. "చూడలేదు," అన్నాడు. "ఏం పడినా ఇదే చెప్పేవాణ్ణి. ముగ్గురం అనుకున్నాం. రెండేళ్లయింది ఆర్లిస్, ఇంకెన్నాళ్లు మోస్తావు వాణ్ణి? మంచి చావిద్దామనుకున్నాం. ఇదంతా నీ..."

"మంచికే అన్నావంటే ఈ బల్ల ఎత్తి నీ ఒళ్లో పడేస్తాను."

గేలెన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఎంచారు," అంది ఆర్లిస్. "బుద్ధిగా కూర్చుని, వీడు పోతే బావుంటుందని ఎంచారు. రోజు కూడా చూశారు. బన్నులు కూడా కాల్చారు. ఆ పాస్టరుకీ మీకూ తేడా ఏంటి? ఆయనకి కనీసం శాండ్‌విచ్‌లు వేరేవాళ్లు చేసిపెట్టారు."

"నీకోసమేనే," అంది ఫెర్న్, ఏడుపు గొంతుతో. "నువ్వు ఒక్కసారైనా ఏడిస్తే బావుండునని."

"నేను ఏడవాలో వద్దో కూడా మీరే తేలుస్తారా? చెరువు మీద మంచుకి కన్నం చేసుకుని ఒక్క చేప కోసం రోజంతా గుడ్లప్పగించి కూర్చునే మగాళ్లున్న ఊళ్లో, నేను వారానికో పూట మరుగుజ్జులా మాట్లాడితే నాకు వైద్యం కావలసొచ్చిందా?"

రస్‌కి నవ్వొచ్చింది. అతనూ అలా కూర్చునేవాడే. నవ్వు మింగేశాడు.

అప్పుడు గేలెన్‌కీ రోషం వచ్చింది. "వాడు నాకు అన్న," అన్నాడు. "నీకొక్కదానికే పోలేదు. ప్రతి శనివారం నువ్వు వాడి గొంతు పెడుతుంటే, వాడి జోకు వేస్తుంటే, నేను తల ఎక్కడ పెట్టుకోను? కలలో కూడా వాడు ఇప్పుడు నీ గొంతుతో మాట్లాడుతున్నాడు. అసలు గొంతు నాకు గుర్తు రావట్లేదు."

ఆ మాట ఆర్లిస్‌కి తగిలింది. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె అటువైపు ఆలోచించలేదు.

"ఆ ముక్క నాతో చెప్పుండాల్సింది," అంది.

"చెబితే వినేదానివా?"

"వినేదాన్ని కాదు. అయినా చెప్పాలి. నోరున్నది దేనికి?"

ఆమె టోర్బిన్ కాగితం తిన్నగా పెట్టి, రబ్బరుతో చెరిపి పాత అంకె మళ్లీ వేసింది. "వాగు దగ్గరికి పద," అంది. "ఆ అట్ట తియ్యి. అందరి ముందూ వెయ్యి. టోర్బినే ముందు దిగుతాడు, నేనన్న మాట అన్నదే."

గేలెన్ అట్ట మడిచి కిందపెట్టాడు. పాచిక వేశాడు. అది ఫెర్న్ కప్పుకి తగిలి, వెనక్కి దొర్లి, ఆగింది.

ఒకటి.

"ఇది లెక్క కాదు," అన్నాడు గేలెన్, చెయ్యి చాపుతూ. "కప్పుకి తగిలింది, మళ్లీ వేస్తాను."

ఆర్లిస్ అతని మణికట్టు పట్టుకుంది. ఆ రోజు మొత్తంలో ఆమెకి అసలైన కోపం వచ్చింది అప్పుడే. "ఇందాక చంపాలని ఎంచావు, ఇప్పుడు బతికించాలని ఎంచుతున్నావా? దాన్ని ముట్టుకున్నావంటే మళ్లీ ఈ గది మొహం చూడను. అది పడింది. వచ్చిందేంటో చూడు."

పుస్తకంలో చూస్తే వచ్చింది నీటిపాము. ఈసారి సూర్యుడూ లేడు, ఎర్రటి నీళ్లూ లేవు. టోర్బిన్ గొడ్డలి వేశాడు, గురి తప్పింది. పాము కరిచింది, ఆర్లిస్ అంకె తగ్గించి రాసింది. రస్ బాణం తగల్లేదు. ఫెర్న్ మంత్రం అందలేదు. టోర్బిన్ మళ్లీ గొడ్డలి ఎత్తాడు, మళ్లీ తప్పింది. ఇక పాము వంతు, పెద్ద అంకె పడితే కాటు తగిలినట్టే. గేలెన్ చేతిలో ఇరవై ముఖాల పాచిక చాలాసేపు ఉండిపోయింది.

"వెయ్యి గేలెన్," అంది ఆర్లిస్, కాస్త మెత్తగా.

వేశాడు. పద్దెనిమిది. ఆమె కాగితం మీద అంకెకి ఇక తగ్గడానికి ఏమీ మిగల్లేదు.

వాగు మధ్య, బురదలో, ఎవరినీ కాపాడకుండా, ఒక్క మంచి మాటైనా అనకుండా టోర్బిన్ చచ్చిపోయాడు. దానికి ఉద్దేశం లేదు. ఆర్లిస్ లేచి బల్ల చుట్టూ నడిచి, వంగి, ఆ పాచికని చూసింది. వెనకే ఫెర్న్ చూసింది, రస్ చూశాడు. గేలెన్ చూసి పక్కకి తిరిగి పెయింటు డబ్బాల వైపు నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఎవరూ ఎంచలేదు," అంది ఆర్లిస్. అని, కుర్చీలో కూలబడి, కోటు చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చింది. ఫెర్న్ దగ్గరికి రాబోతే రస్ ఆమెని ఆపాడు. ఎవరూ వీపు నిమరలేదు.

చాలాసేపటికి ఆమె ముక్కు చీదుకుని, పళ్లెం దగ్గరికి లాక్కుని, ఒక శాండ్‌విచ్ తీసుకుంది. నమిలింది.

"హామ్ ఉప్పగా ఉంది ఫెర్న్," అంది, ఇంకోటి తీసి గేలెన్ చేతిలో పెడుతూ.