తువ్వాలు కింద ఒక వేలు

శనివారం. మబ్బు పట్టింది గాని చినుకు లేదు, ఒకటే ఉక్క. నీళ్ళ డ్రమ్ము బోర్లించి అడుగున పట్టిన పాచి గీకాను.

నా పద్దుల పుస్తకంలో ఆ రోజు ఇంతవరకే ఉంది. చేతులు తుడుచుకునేలోగా ఫోను మోగింది. పరవాడ నుంచి అక్క, అంటే మా బావ భార్య. "తమ్ముడా, మీ బావ లెగలేదు. నిద్దర్లోనే ఎల్లిపోనాడు" అంది. నేను "ఆఁ" అన్నాను. డ్రమ్ము బోర్లించినట్టే ఉండిపోయింది.

బావ అంటే నా భార్యకి సొంత అన్న. నాకు మాట్లాడడం పెద్దగా రాదు. రోజూ పద్దు రాస్తాను గనక రాయడం కొంచెం అలవడింది. ఆయన గురించి నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

వయసులో ఉండగా ఆయన సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. ఆ బేరంలో ధర పైకి చెప్పరు. కొనేవాడి చేతి మీద, అమ్మేవాడి చేతి మీద ఒక తువ్వాలు కప్పుతారు. ఆ చాటున వేళ్ళు పట్టుకుని నొక్కుతారు. ఒక్కో వేలికి ఇంతని లెక్క, ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. చుట్టూ ఎంతమంది నిలబడినా ఆ ధర ఇద్దరికే తెలుస్తుంది. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక బావ పాత ఆటోల బేరాల్లోకి దిగాడు. తువ్వాలు మాత్రం భుజం దిగలేదు.

నా భార్యకి వెన్నుకి ఆపరేషన్ అయింది. వ్యాయామం చేయించడానికి వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కంచరపాలెంలో మా సందు నుంచి ఆటోలో బయల్దేరితే రైలు పట్టాలు దాటేటప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేది. పక్కింటివాళ్ళ కారు అడిగి ఎక్కించాం. అది మరీ నేలబారు. కూర్చోగలిగింది గాని లేవలేకపోయింది. నడుం వంచకుండా ఎక్కి దిగేలా ఉండాలన్నారు డాక్టరు. అందుకే ఈ కొత్తరకం క్రాసోవర్ అనుకున్నాం. కారుకీ జీపుకీ మధ్యరకం, సీటు ఎత్తుగా ఉంటుంది. బావ దాన్ని ఎత్తు కారు అనేవాడు.

అప్పటికి బళ్ళు దొరకడం లేదు. బావని వెంటబెట్టుకుని షోరూంకి వెళ్ళాం. ధర సంగతి ఎత్తకుండా ఆయన ముందు చెల్లెల్ని చూపుకి పెట్టిన బండిలో ఎక్కించాడు.

"ఎక్కమ్మా. ఇప్పుడు దిగు. మళ్ళీ ఎక్కు."

"నన్నేటన్నా, ఎద్దుని నడిపించినట్టు నడిపిత్తన్నావు?"

"ఎద్దయితే పళ్ళు సూసీసి ఊరుకుందును. నువ్వు నొప్పొచ్చినా సెప్పవు."

షోరూం అమ్మాయి నవ్వి, కంప్యూటర్ చూసి చెప్పింది. "బండి ఎప్పుడొస్తుందో చెప్పలేం సార్. వచ్చిన రోజు ఏ రేటుంటే అదే. యాక్సెసరీస్ కిట్టు, ఇన్సూరెన్సు మా దగ్గరే తీసుకోవాలి. చాలామంది పైన ఇచ్చి మరీ పట్టుకెళ్తన్నారు."

"సీటు మీద గుడ్డ, కాళ్ళకింద పట్టా నాను అడిగానేటి తల్లీ? గంటలు కొంటేనే ఎద్దునిస్తానని ఎవడూ అనడు" అన్నాడు బావ.

మేనేజరు వచ్చాడు. నలభై దాటిన మనిషి. బావ ధర అడగలేదు, ఊరు అడిగాడు. విజయనగరం అవతల పల్లె అని చెప్పాడు మేనేజరు.

"మీవోళ్ళు సంతకెళ్ళీవోరేటి?"

"మా నాన్న వెళ్ళేవాడండి. నన్నూ తీసుకెళ్ళేవాడు గాని, తువ్వాలు కింద ఏం జరుగుతుందో చూడనిచ్చేవాడు కాదు."

"అయితే రా, సూద్దువుగాని" అని బావ తువ్వాలు తీసి టేబుల్ మీద పరిచాడు. గొంతు తగ్గించి, "నువ్వు పైకి తగ్గిత్తే ఎనకున్నోళ్ళందరూ అడుగుతారు. నీకది ఇబ్బంది. సెయ్యి ఇలాగెట్టు" అన్నాడు.

మేనేజరు ఒకసారి అటూ ఇటూ చూసి చెయ్యి పెట్టాడు. తువ్వాలు కదులుతోంది, ఆగుతోంది. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. బావ కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి ఇద్దరూ చేతులు తీశారు.

"బేరం తెగింది" అన్నాడు బావ.

తిరిగి వచ్చేటప్పుడు ఎంతకని అడిగాను. చెప్పలేదు. "నీకు తూగేది ఎంతో సెప్పేవు గదా. అందులోనే. బండి ఇంటికొచ్చే వరకూ తువ్వాలు కింద మాట పైకనకూడదు" అన్నాడు. తనే మళ్ళీ అన్నాడు. "ఇంకో వేలు తగ్గేలా లాగీవోణ్ణి. ఒగ్గీసేను. అంతా పిండీకూడదు బావా. రేపు సర్వీసుకి ఎల్తే ఆడి మొహమే మనం సూడాల."

అంకె తెలియకుండా నేను ఎప్పుడూ పద్దు రాయలేదు. 'కారు' అని రాసి పక్కన ఖాళీ వదిలాను. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ ఖాళీ కనబడేది. వానలు పడ్డాయి, తగ్గాయి, బండి రాలేదు. ఎప్పుడు ఫోను చేసినా బావ "వత్తాది" అనేవాడు. ఇచ్చిన రశీదులో మాత్రం వచ్చిన రోజు రేటే అని అచ్చువేసి ఉంది. తెగిన ధర తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ శనివారం నుంచి మేనేజరు ఒక్కడే.

దహనం అయిన మర్నాడు షోరూం నుంచి ఫోను. బండి వచ్చింది, రేపు సాయంత్రంలోగా తీసుకోకపోతే తరవాతివాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. రేటు పెరిగిందని కూడా చెప్పారు. పరవాడలో బావ ఇంటి ముందు టెంటు ఇంకా విప్పలేదు. లోపలికి వెళ్తాను, బయటికి వస్తాను, కుర్చీలో కూర్చోలేను. విషయం తెలిసి బావ చిన్నాన్న కోప్పడ్డాడు. "పెద్దదినం అవకుండా కొత్త బండేటి? జనం ఏటనుకుంటారు?" నా భార్య గోడకి ఆనుకుని నిలబడే ఉంది. నేల మీద కూర్చోలేదు. "వద్దులెండి, ఆటోలు లేవేటి" అంది.

అక్క లేచి లోపలికి వెళ్ళింది. బావ తువ్వాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఉతకలేదు, ఆయన చెమట వాసన వేస్తోంది.

"ఎల్లు తమ్ముడా. మీ బావ ఏ బేరమూ సగంలో ఒగ్గీలేదు."

చిన్నాన్న పక్కకి జరిగి దారిచ్చాడు.

షోరూంకి వెళ్ళాను. ఆ అమ్మాయి కొత్త రేటు కాగితం నా ముందు పెట్టింది. దాని మీద కిట్టూ ఉంది, అన్నీ ఉన్నాయి. మొత్తం నాకు తూగేది కాదు. బావ అయితే ఏదో ఒకటి అని నవ్వించేవాడు. నేను తువ్వాలు తీసి ఆ కాగితం మీద పరిచాను.

మేనేజరు తన గది అద్దంలోంచి చూసి వచ్చాడు. "పెద్దాయన రాలేదేటండి?" అన్నాడు. అప్పటిదాకా ఆయన నోట ఈ యాస వినలేదు.

"లేరండి. శనివారం పోయారు."

ఆయన కుర్చీ లాక్కుని చెయ్యి తువ్వాలు కిందికి పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ చాటున మనిషి చెయ్యి పట్టుకోవడం నాకు అదే మొదలు. చల్లగా ఉంది. ఒక్కొక్క వేలే నెమ్మదిగా నొక్కాడు, పద్దు రాయడం వచ్చినవాడికి అర్థమయ్యేలా. అది నాకు తూగే ధరే. అంతటితో అయిపోయిందనుకుని చెయ్యి తీయబోయాను. వదల్లేదు. నా చివరి వేలు ఒక్కటీ మడిచి, అరచేతిలోకి తోశాడు.

"ఆ రోజు ఆయన ఒగ్గీసింది. ఆయనదే" అన్నాడు.

బిల్లు ఆ వేలు కూడా తగ్గే వచ్చింది. పుస్తకంలో అంకె రాశాను. ఇక్కడ రాయను.

పై సోమవారం. ఎండ కాసింది. బండి అద్దాలు తుడిచాను. డ్రమ్ము నిలబెట్టి నీళ్ళు పట్టాను. తువ్వాలు ఉతకలేదు, ముందు సీటు వీపుకి కప్పాను. ఆమె నడుం వంచకుండా ఎక్కి, తలుపు తనే వేసుకుని, అద్దంలోంచి "ఇంకేటి రాత్తన్నారు, టైమవుతంది" అంటోంది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు... సరే, మిగతాది వచ్చాక.