ఆ బట్టకు ఆ బట్ట దారమే

చిరిగిన బట్టను ఆమె ఎన్నడూ పైముఖం చూసి అంచనా వేయదు, తిరగేసి చూస్తుంది. ఇరుకు వీధిలోని చిన్న దుకాణంలో ఇరవై ఏళ్లుగా రఫ్ఫు పని చేస్తున్న ఆ ఇల్లాలికి ఒకటే నియమం: చిరుగును పూడ్చే దారం ఆ బట్ట లోపలి మడతనుంచే లాగాలి. పరాయి దారం ఎంత మేలైనదైనా నాలుగు ఉతుకులకు బయటపడుతుంది.

అంతటి నేర్పరి కూడా పొరబడింది. విదేశంలో ఒక పెద్ద హోటలువారు ఆమెను పనికి పిలిచారు. అక్కడి జీతాన్ని ఇక్కడి డబ్బులోకి మార్చి చూసుకుని ఆమె మురిసిపోయింది. ఎందరు వస్తారో రేపటిలోగా దరఖాస్తులో రాయాలి: ఆమె ఒక్కతేనా, భర్త, పదేళ్ల కూతురు కలిసి ముగ్గురా?

"ముగ్గురమే! నువ్వు కుట్టు, నేను కాలు మీద కాలేసుకుని కూర్చుంటా. ఈ ఆవిరికి ఉడికింది చాలు" అన్నాడు పక్క బల్లమీద ఇస్త్రీ చేస్తున్న భర్త.

మునుపు తనతో కలిసి రఫ్ఫు పని చేసి, నాలుగేళ్ల క్రితం ఆ దేశం వెళ్లిన స్నేహితురాలికి ఆమె స్పీకరు పెట్టి ఫోను చేసింది.

"చెల్లీ, అక్కడ చొక్కా రఫ్ఫుకు ఎంత తీసుకుంటారే?"

"రఫ్ఫా? ఎవరు చేయిస్తారక్కా! ఆ కూలితో కొత్త చొక్కాలు రెండొస్తాయి. హోటలోళ్లవి ఖరీదైన పట్టు తెరలు. పారేయడానికి చేతులు రాక నిన్ను పిలుస్తున్నారు."

ఆమె చేతిలోని సూది ఆగిపోయింది. వస్తువు చవకై, మనిషి గంట ప్రియమైన లోకమూ ఒకటుందా! ఆ దేశపు జీతంతో ఈ దేశపు చిరుగులు పూడ్చి మురిసిపోయిన తన పొరపాటు అప్పుడు తెలిసివచ్చింది.

"డబ్బు సంగతి వద్దు. ఏ ఖర్చుకు నా ఎన్ని రోజుల జీతం పోతుందో చెప్పు."

"ముగ్గురికి నెల సరుకులు నాలుగు రోజులు. బస్సులకు రెండు. బడి ఊరికే. ఇంటి అద్దె మాత్రం పదిహేడు."

"పదిహేడే!"

"నెలకు ఇరవయ్యారు పనిరోజుల్లో మిగిలేది మూడు. పన్ను నొప్పొచ్చిందా, అదీ పోయినట్టే."

ఇక్కడ సగం నెల సంపాదన తిండికే చాలదు. ఇంటి అద్దెకు ఐదు రోజులది చాలు. అక్కడ గింజ తేలిక, ఇంటికప్పు బరువు. ఒకే సూర్యుణ్ణి రెండు నేలలమీదా ఉదయింపజేసిన పరమాత్మ, ఒకే దినానికి ఇన్ని తూనికలు ఎలా పెట్టాడో! ఆమె అప్రయత్నంగా చేతులు జోడించింది.

"నేను కూర్చుంటే కుదరదంటావా?" భర్త గొంతు తగ్గింది.

"అక్కడ కూర్చోవడమే అన్నిటికంటే ఖరీదండీ." ఆమె మళ్లీ ఫోనులోకి వంగింది. "మరి ఇస్త్రీ మనిషి గంటో?"

"చేతి ఇస్త్రీయా? బావగారి గంట నీ గంటకేం తీసిపోదు. ఆయన్నూ ఆ హోటల్లోనే అడుగుతారు చూడు."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆయన తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చేయి అన్నట్టు. దానికి వెల కట్టినవారు ఇంతవరకు లేరు.

ఆమె దరఖాస్తులో 'ముగ్గురు' అని రాసింది. భర్త వృత్తి అన్నచోట 'ఇస్త్రీ' అని రాసింది.

"మరి నా కాలు మీద కాలు?"

"ఆదివారాలు వేసుకోండి."